నేను చదివించిన నికాహ్

పాతికేళ్ళకు పైగా నేను పిల్లలకు సూరె నూర్ పాఠం చెబుతున్నాను. ఒకరి ఇంట్లో అడుగుపెట్టే ముందు అనుమతి కోరవలసిన మర్యాద, చూపులను అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత, పవిత్రురాళ్ళపై నింద మోపడం ఎంత ఘోరమైన పాపమో తెలిపే ఆదేశాలు - ఇవన్నీ ఆ సూరాలో ఉన్నాయి. ముప్పయి మూడో ఆయత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా పాఠం తొందరగా సాగిపోయేది. ప్రాపంచిక లాభం కోసం మీ అధీనంలో ఉన్న స్త్రీలను వ్యభిచారంలోకి నెట్టవద్దని అల్లాహ్ అందులో ఆదేశించాడు. మదీనాలో కపట విశ్వాసుల నాయకుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన బానిస స్త్రీలను సంపాదన కోసం ఆ పాడు పనికి పంపేవాడని, ఆ సందర్భంలోనే ఈ ఆదేశం అవతరించిందని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది.

ఆ స్త్రీలు శీలవతులుగా బతకగోరితే అన్న మాట కూడా ఆ ఆయత్‌లో వస్తుంది. అది షరతు కాదనీ, వారు కోరకపోతే బలవంతం చేయవచ్చని దాని అర్థం కాదనీ ఉమరాబాద్‌లో మా ఉస్తాద్‌లు వ్యాకరణ సహితంగా నేర్పారు. నేను కూడా ఆ వ్యాకరణాన్ని ఉత్సాహంగా వివరించేవాణ్ణి. బానిసత్వం అంతరించింది గనుక ఈ ఆదేశం గత కాలానికి చెందినదన్నట్లు చెప్పి ముందుకు వెళ్ళేవాణ్ణి. నేటి ఇబ్నె ఉబై ఎవరు, ఎక్కడుంటాడు అని నేనెన్నడూ అడగలేదు. పిల్లలూ అడగలేదు.

అతడు మా చెన్నూరుకు వచ్చాడు. మా వీధిలో టీ తాగాడు. మా మస్జిద్‌లో మొదటి వరుసలో నిలబడి ఇషా నమాజు చేశాడు. అతనికి నికాహ్ చదివించినవాణ్ణి నేనే.

పదిహేడేళ్ళ కిందటి మాట ఇది. మా మక్తబ్‌లో ఖుర్ఆన్ నాజిరా పూర్తి చేసిన ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లేడు. తల్లి తమలపాకు తోటల్లో కూలి చేసి ముగ్గురు పిల్లలను సాకేది. పొరుగూరి నుంచి సంబంధాలు తెచ్చే ఒక పెద్దావిడ అప్పుడప్పుడూ వస్తుండేది. వీధి అంతా ఆమెను ఖాలా అని పిలిచేది. ఆమె ఈ పిల్లకు ఒక సంబంధం తెచ్చింది. వరుడిది మహారాష్ట్ర, పుణెలో బట్టల వ్యాపారమట. జోడా డబ్బు వద్దన్నారు. జహేజ్ వద్దన్నారు. పైగా ఖర్చులకని తల్లి చేతిలో పదివేలు పెట్టారు.

కట్నం వద్దన్న మాట వినగానే నా మనసు ఉప్పొంగింది. జుమా ఖుత్బాల్లో కట్నం దురాచారం మీద గొంతు చించుకునే నాకు, ఇదిగో సున్నత్ ప్రకారం నికాహ్ చేసుకునే యువకుడు అనిపించాడు. పేదింటి గడప దగ్గర ఆ మాటే ఎర అవుతుందన్న ఆలోచన నాకు రాలేదు.

గురువారం ఇషా తర్వాత నికాహ్. సాక్షులిద్దరూ వరుడి వెంట వచ్చినవారే. మహర్ అయిదు వేలు. అమ్మాయి వయసు ఎంతని అడిగితే పద్దెనిమిది నిండాయని తల్లి చెప్పింది. అవి నిండలేదని నాకు తెలుసు. ఆ పిల్ల మా మక్తబ్‌లో చేరిన రోజున పుట్టిన సంవత్సరాన్ని రిజిస్టరులో రాసింది నేనే. ఆమెకు పదహారేళ్ళు. పేదరాలి బరువు దిగుతోంది కదా, నేనెందుకు అడ్డుపడాలి అనుకున్నాను. ఆ క్షణంలో దాన్ని కరుణ అనుకున్నాను. నేడు దానికి నా దగ్గర వేరే పేరుంది.

తెర వెనుక ఉన్న అమ్మాయిని సమ్మతి అడిగాను. మూడుసార్లు అడిగాను. మూడోసారి సన్నని శబ్దమేదో వినిపించింది. ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళు 'ఒప్పుకుంది, ఒప్పుకుంది' అన్నారు. నేను ఖుత్బా చదివాను. ఖర్జూరాలు పంచారు. నా చేతిలో మూడు వందల రూపాయలు, ఒక తువ్వాలు పెట్టారు. మరుసటి రోజు వాళ్ళు కడపలో రైలెక్కారు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే ఆ దారిలోనే పుణె ఉంది. మన స్టేషన్‌లో ఎక్కిన పిల్ల ఎక్కడా రైలు మారనవసరం లేదు.

నాలుగు నెలల పాటు తల్లికి ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. ఖాలా కనిపించడం మానేసింది. ఒకరోజు ఆ తల్లి మదరసా గుమ్మం దగ్గర నిలబడి, 'మౌల్సాబ్, అల్లుడి చిరునామా మీ దఫ్తర్‌లో ఉంటుంది కదా, చూసి చెప్పండి' అంది. నికాహ్ రిజిస్టరు తెరిచాను. వరుడి చిరునామా రాయవలసిన చోట ఒకే ఒక్క మాట ఉంది: పుణె. నా దస్తూరీయే. ఆ ఊళ్ళో లక్షల ఇళ్ళు ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని ఆ తల్లి ఏ తలుపు తట్టాలి?

రెండేళ్ళ తర్వాత ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. బుధవార్ పేటలో పోలీసులు, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కలిసి విడిపించిన ఆడపిల్లల్లో ఆమె ఒకతె. కొంతకాలం ఆశ్రయ గృహంలో ఉంచి, ఒక మహిళా కానిస్టేబుల్‌ను తోడిచ్చి ఇంటికి పంపారు. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఆమె నాతో చెప్పలేదు, నేను అడగలేదు. నా ఇల్లాలితో ఆ తల్లి చెప్పింది. ఇల్లాలు నాతో సగమే చెప్పి ఆపేసింది.

ఆ పిల్ల గురించి వీధి ఏమనుకుందో పాఠకులు ఊహించగలరు. పక్కింటివాళ్ళు తమ ఆడపిల్లలను ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. ఇద్దరు ముగ్గురు పెద్దలు నా దగ్గరికి వచ్చి, సాయంత్రం ఆడవాళ్ళ దర్స్‌కు ఆమెను రానివ్వకూడదనీ, తల్లీకూతుళ్ళు వేరే ఊరు చూసుకుంటే అందరికీ మంచిదనీ సూచించారు. షరీఅత్ ఏమంటుందని నన్నే అడిగారు.

ఆ రాత్రి ముప్పయి మూడో ఆయత్‌ను మళ్ళీ చదివాను. దాని చివరి భాగం దగ్గర నా చూపు ఆగిపోయింది. బలవంతం జరిగిన తర్వాత అల్లాహ్ క్షమించేవాడు, కరుణించేవాడు అన్న భావంతో ఆ ఆయత్ ముగుస్తుంది. క్షమ ఎవరికి? బలవంతం చేసినవాడికా, బలైన స్త్రీకా? ఆ క్షమాకారుణ్యాలు ఆ స్త్రీలకేనని హజ్రత్ హసన్ బస్రీ (రహ్) అల్లాహ్ మీద ప్రమాణం చేసి మరీ నొక్కి చెప్పేవారని తఫ్సీర్ గ్రంథాల్లో ఉంది. ఈ మాట నేను విద్యార్థి దశలోనే చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అల్లాహ్ తన కరుణను ప్రకటించిన ఆడపిల్లకు మా వీధి తలుపు మూస్తోంది. ఆ తలుపుకు గడియ పెట్టమని నన్ను అడుగుతోంది.

తర్వాతి జుమా రోజున ఈ ఆయత్ మీదే ఖుత్బా చెప్పాను. ఆ అమ్మాయి ప్రస్తావన తేలేదు. నా గురించి చెప్పాను. వయసు తెలిసీ నోరు విప్పలేదనీ, ముక్కూ మొహం తెలియని సాక్షులను అంగీకరించాననీ, చిరునామా లేని కాగితం మీద సంతకం చేశాననీ చెప్పాను. దోషి ఎవరైనా ఉంటే వీధి చివరి ఇంట్లో లేదు, ఈ మింబర్ మీద ఉన్నాడని చెప్పాను. కొందరు తల వంచుకున్నారు. కొందరు కోపగించారు. ఇంటి మురికిని మస్జిద్‌లో ఆరేశానని ఒక పెద్దమనిషి అన్నాడు. రెండు నెలలు నన్ను ఖుత్బాకు దూరంగా ఉంచారు. ఆ రెండు నెలల్లో నా ఇల్లాలు ప్రతి శుక్రవారం ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు వండింది వాళ్ళతో కలిసి తిని వచ్చింది. నా ఖుత్బా కంటే ఆ భోజనమే వీధిని ఎక్కువగా మార్చింది. నాలుగో వారానికి ఆమె వెంట మరో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళారు.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ ఉందో రాయను. క్షేమంగా ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. ఊరు విడిచే ముందు ఆమె నాతో ఒక్క మాట అంది. "మౌల్సాబ్, ఆ రోజు మీరు మూడుసార్లు అడిగారు. అందరి మధ్య అడిగారు. ఒక్కసారి ఒంటరిగా అడిగి ఉంటే, భయంగా ఉందని చెప్పేదాన్ని."

తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా నికాహ్ చేశాడని ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) అనే మహిళ ఫిర్యాదు చేస్తే, దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారన్న హదీసును నేను ఎన్నోసార్లు బోధించాను. ఆమె ప్రవక్త (స) సన్నిధికి వచ్చి చెప్పుకోగలిగింది. ఈ అమ్మాయి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చెప్పుకోవడానికి నేను ఆమెకు చోటే ఇవ్వలేదు.

అప్పటి నుంచి ఈ విషయం గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇది మా వీధికి మాత్రమే వచ్చిన ఆపద కాదు. కరువు పీడించే మన రాయలసీమలో కదిరి, రాయచోటి వైపు పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్ళు పుణె, ముంబై, భివండీ, ఢిల్లీ వేశ్యావాటికలకు చేరారు. ఉద్యోగమని ఒకరిని, పెళ్ళని మరొకరిని, అప్పు తీరుతుందని ఇంకొకరిని తీసుకెళ్ళారు. భర్త వదిలేసినవారు, తండ్రి లేనివారు, చిన్న వయసులో పెళ్ళయినవారు ఎక్కువగా వలలో పడతారు. ఇందులో మతభేదం లేదు. దళారీ కలిమా అడగడు, కులం అడగడు. ఇంట్లో మగదిక్కు ఉందా, అప్పు ఉందా అనే చూస్తాడు.

నికాహ్‌ను ముసుగుగా వాడుకోవడం మాత్రం మన సమాజం ప్రత్యేకంగా సిగ్గుపడవలసిన విషయం. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ బాలిక ఒకతె ఏడుస్తూ కూర్చుంది. పక్కన భర్తనని చెప్పుకునే అరవై ఏళ్ళ సౌదీ వ్యక్తి. విమాన పరిచారిక ఆ ఏడుపు చూసి ఊరుకోలేదు. పిల్లను పలకరించింది, సంగతి తెలుసుకుంది, అధికారులకు తెలిపింది. దేశమంతా ఆ వార్తతో ఉలిక్కిపడింది. ఆ పరిచారిక ఆలిమా కాదు, ముఫ్తీ కాదు. ఆమె అడిగింది. నేను అడగలేదు. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే. ఇరవై ఆరేళ్ళ తర్వాత, 2017లో, అదే హైదరాబాద్‌లో ఒప్పంద వివాహాల ముఠాను పోలీసులు పట్టుకున్నప్పుడు అరెస్టయినవారిలో ఒమన్, ఖతర్ దేశస్థులతో పాటు దళారులు, ఖాజీలు కూడా ఉన్నారు. ఖాజీ అన్న మాటను ఆ వార్తలో చూసినప్పుడు, ఎవరో నా చేతిని పట్టుకుని చూపించినట్లు అనిపించింది.

మంచి పని చేసినవారూ ఆ నగరంలోనే ఉన్నారు. 1996లో పాతబస్తీలోని మహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు వేలాది స్త్రీలు నిలువ నీడ లేకుండా అయ్యారు. అప్పుడు సునీతా కృష్ణన్ గారు, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ గారు కలిసి ప్రజ్వల సంస్థను ప్రారంభించారు. ఖాళీ అయిన ఆ ఇళ్ళలోనే, ఆ తల్లుల పిల్లల కోసం ఒక బడి పెట్టడంతో వారి పని మొదలైంది. 2016లో భారత ప్రభుత్వం సునీత గారికి పద్మశ్రీ ఇచ్చింది. మన రాష్ట్రంలో ఈ నరకం నుంచి బయటపడిన స్త్రీలే విముక్తి అనే వేదికగా ఏర్పడి తమ హక్కుల కోసం మాట్లాడుతున్నారు. వారిని చూశాక నాకొకటి అర్థమైంది. ఒక్కొక్కరికి అల్లాహ్ ఒక్కొక్క గుమ్మం దగ్గర బాధ్యత అప్పగించాడు. పుణె వెళ్ళి తలుపులు పగలగొట్టే శక్తి నాకు లేదు. పిల్ల ఊరు దాటే గుమ్మం దగ్గర మాత్రం కలం పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. నా పని అక్కడే ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) దగ్గర ఒక వ్యక్తి మరొకరి మంచితనానికి హామీ ఇచ్చాడట. నువ్వు అతని ఇరుగుపొరుగున ఉన్నావా, అతనితో డబ్బు వ్యవహారం నడిపావా, కలిసి ప్రయాణం చేశావా అని ఆయన వరుసగా అడిగారు. ప్రతి దానికీ లేదన్న జవాబే వచ్చింది. అయితే మస్జిద్‌లో అతను తల ఎత్తుతూ దించుతూ ఉండగా చూసి ఉంటావు, అతని గురించి నీకేమీ తెలియదు అన్నారట. మొదటి వరుసలో ఇషా చేసిన ఆ వరుణ్ణి నేను ఎరిగింది కూడా అంతే.

ఈ ఉదంతాన్నే నా నియమంగా పెట్టుకున్నాను. బయటి ఊరి సంబంధం వస్తే వరుడి ఆధార్ కార్డు, పూర్తి చిరునామా అడుగుతాను. అతని మొహల్లా మస్జిద్ ఇమామ్‌తో నేనే ఫోన్‌లో మాట్లాడతాను. సాక్షుల్లో ఒక్కరైనా ఆ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి ఎరిగినవారై ఉండాలి. అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండినట్లు బడి కాగితం చూస్తాను. నికాహ్‌కు ముందు రోజు నా ఇల్లాలు ఆ అమ్మాయితో ఒంటరిగా కూర్చుని, ఇష్టమేనా, భయమేమైనా ఉందా అని అడుగుతుంది. మక్తబ్‌కు వచ్చే ఆడపిల్ల వారం రోజులు కనిపించకపోతే వాళ్ళింటికి వెళ్తాను. కువైట్‌లో ఇంటి పని ఉందని ఆశ చూపితే, ఆ కాగితాలు నా దగ్గరికి తెమ్మంటాను. పెద్దగా చదువుకోని ఆడవాళ్ళను ముప్పయి ఏళ్ళు నిండకుండా అక్కడ ఇంటి పనికి పంపడాన్ని ప్రభుత్వం అనుమతించదు. విజిట్ వీసా మీద పనికి తీసుకెళ్తానంటే అది మోసమే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది.

చట్టం ఏమంటుందో కూడా పాఠకులకు తెలియాలి. మనుషులను అమ్మడం, కొనడం రాజ్యాంగంలోని 23వ అధికరణమే నిషేధించింది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఈ నేరానికి కఠిన శిక్ష విధిస్తుంది. బాధితురాలు ఒప్పుకునే వెళ్ళిందన్న వాదన ఆ సెక్షన్ కింద చెల్లదు. మన వీధి పెద్దలు తరచుగా వాడే మాట అదే కదా! షరతు కాని మాటను షరతుగా చదవకూడదని మా ఉస్తాద్‌లు ఆ ఆయత్ దగ్గర నేర్పింది నాకు అప్పుడు గుర్తొచ్చింది. అనుమానం కలిగితే పిల్లల విషయంలో 1098కి, స్త్రీల విషయంలో 181కి, ఆపద ముంచుకొస్తే 112కి ఫోన్ చేయండి. ఆ నంబర్లను మీ ఇంట్లో ఆడపిల్లలందరికీ నేర్పండి.

ఈ నియమాల వల్ల నాకు పొగడ్తలేమీ రాలేదు. మూడేళ్ళ క్రితం దూరపు ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆధార్ కార్డు అడిగాను, ఇమామ్ నంబరు అడిగాను. టీ చల్లారకముందే వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నలుగురు కూతుళ్ళున్న ఆ తల్లి, వచ్చిన అదృష్టాన్ని తన్నేశానని నా ముందే ఏడ్చింది. ఆ వచ్చినాయన దళారీయో, అభిమానం దెబ్బతిన్న పెద్దమనిషో నేటికీ నాకు తెలియదు. ఒక మంచి సంబంధాన్నే చెడగొట్టానేమోనన్న బాధ నాకుంది. ఆ అమ్మాయికి తర్వాత మైదుకూరులో పెళ్ళయింది. పెళ్ళి ఖర్చులో కొంత భాగం మా వీధి జకాత్ నుంచి ఇచ్చాం. కాదని చెప్పి ఊరుకుంటే సరిపోదనీ, కాదన్నవాడే ఆ ఇంటి బరువులో కొంత మోయాలనీ నాకు అప్పుడు బోధపడింది. పేదరికాన్ని అలాగే వదిలేసి, పేదరాలిని జాగ్రత్తగా ఉండమనడం న్యాయం కాదు.

ప్రళయ దినాన ముగ్గురికి తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీలో ఒక హదీసె ఖుద్సీ ఉంది. తన పేరిట మాట ఇచ్చి వంచించినవాడు, స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు. ఆ ముగ్గురూ ఒక్కడిలోనే ఉండటం నేను చూశాను. అల్లాహ్ పేరిట నికాహ్ చేసుకున్నాడు, పిల్లను అమ్మాడు, ఆమె కష్టాన్ని తిన్నాడు. అతని వెనుక నిలబడి ఆమీన్ చెప్పినవారిని కూడా ఆనాడు ఏమైనా అడుగుతారేమోనన్న భయం నన్ను ఇప్పటికీ రాత్రుళ్ళు నిద్ర లేపుతుంది.

నేటికీ నా దగ్గర ఆ పాత రిజిస్టరు ఉంది. పిల్లలు సూరె నూర్ ముప్పయి మూడో ఆయత్ చేరిన రోజున దాన్ని తెరిచి, పేర్ల మీద కాగితం కప్పి, చిరునామా గడి ఒక్కటే చూపిస్తాను. రేపు ఇమామ్‌లూ ఖాజీలూ కాబోయే పిల్లలు వారు. ఆ గడిలో ఏం తప్పుందో చెప్పమని అడుగుతాను. ఆ తర్వాతే వ్యాకరణం.

ఓ అల్లాహ్! మా సంతకాల వల్ల దారి తప్పిన బిడ్డలను వారి తల్లుల దగ్గరికి చేర్చు. తిరిగి వచ్చిన బిడ్డలకు తలుపు తెరిచే మనసు మాకివ్వు. అడగవలసిన చోట అడిగే ధైర్యాన్ని మాకివ్వు. ఆమీన్.